ఎంగిలి

"నాకొద్దు అయ్యగారూ," అంటూ లారీ డ్రైవరు గుమ్మం దగ్గర చెప్పుల పక్కకి మరింత ఒదిగాడు. జైలు నుంచి వచ్చాక చర్చికి రావడం ఇదే మొదలు. "నా ఎంగిలి తగిలితే ఆ గిన్నె ఇంకెవరు ముట్టుకుంటారు?"

ప్రభువు బల్లలో అందరూ ఒకరి తర్వాత ఒకరు తాగే ద్రాక్షారసం గిన్నెతో పాస్టరుగారు ఆగిపోయారు.

ముందు వరసలోంచి ముసలమ్మ లేచి వచ్చింది. ఇతను తాగి నడిపిన లారీ కింద పోయింది ఆమె కొడుకే.

"ముందు వీడికివ్వండి. వీడి తర్వాత నేను తాగుతాను."

"అమ్మా, నన్ను చూస్తే మీకు..."

"కడుపు రగిలిపోతోందిరా. రోజూ రగులుతూనే ఉంది. ప్రభువు మనిద్దరికీ ఒకే గిన్నె పెట్టాడు, నేనేం చెయ్యను? తాగు."

తాగాడు. ఆమె అంచు తుడవకుండానే తాగి, అతని చెయ్యి పట్టుకుంది.

"లే. చెప్పుల దగ్గరేంటి? ముందు వరసలో మావాడు కూర్చునే చోటు ఖాళీగానే ఉంది."