గడప ముందు పేరు

భార్గవకు చిన్నప్పటి నుంచీ నత్తి. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు కూడా గుర్తులేదు. అందరిలాగే అతని మెడకూ మాటపట్టీ ఉంది. పెదవి కదిపితే చాలు, మాట అదే పూర్తిచేస్తుంది.

పెళ్లి చేసుకుని ఇంటికొచ్చాక అక్క సుభాషిణి గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పెళ్లాం పేరు చెప్పి లోపలికి రా."

"నేనూ, నా భార్య బృందా వచ్చాం," అంది పట్టీ చక్కగా. అక్క చెయ్యి తీసేసింది.

భార్గవ గడప దాటలేదు. పట్టీ ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

"బృ... బృ..."

"ఛార్జింగ్ అయిపోయినట్టుంది, ఎవరైనా ఛార్జర్ తెండర్రా!" అంది మేనత్త. నలుగురు లేచి నాలుగు ఛార్జర్లు తెచ్చారు.

"ఆగండి, ఆయన చెబుతున్నారు," అంది బృంద.

హారతి పళ్లెంలో కర్పూరం కరిగిపోయింది. ఎవరో ఇంకో బిళ్ల వేశారు.

"బృ... బృ... బృంద," అన్నాడు భార్గవ. కండువాతో చెమట తుడుచుకున్నాడు.

సుభాషిణి మళ్లీ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వినపడలేదు," అంది, ఏ పెళ్లికొడుకుతోనైనా అన్నట్టే. "ఇంకోసారి చెప్పు."

భార్గవ నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఛార్జర్ కోసం ఎవరూ లేవలేదు.