ఇంట్లో మర్చిపోయిన కళ్ళజోడు

"ట, గ, మ, ల… తర్వాతది మసగ్గా ఉందండీ" అంది లోపలి గొంతు.

"వ" అని మనసులో అందించాడు బయట బల్ల మీద కూర్చున్న మోటార్ల మెకానిక్కు. ఇందాక వెళ్ళొచ్చిన ముసలాయన ఆ అక్షరాన్ని గట్టిగానే చదివాడు మరి.

కంటి డాక్టరమ్మ గదికీ ఈ బల్లకీ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. ముందు లోపల స్విచ్చి టక్కుమంటుంది. బోర్డు వెనక లైటు వెలుగుతుంది కాబోలు, ఆ వెంటనే పేషెంటు చదువు అందుకుంటాడు. అందరికీ అదే బోర్డు. మోటారు చప్పుడు విని బేరింగు పోయిందో వైండింగు కాలిందో చెప్పే చెవులు మెకానిక్కువి. తన వంతు దగ్గరపడేసరికి బోర్డంతా ఆయనకు కంఠతా వచ్చేసింది.

పక్కన భార్య పెదవులు కదులుతున్నాయి. తన కళ్ళ కోసం దేవుడికి మొక్కుకుంటోందని ఆయనకు జాలేసింది.

జాలి ఎందుకంటే, ఆయన కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. రానిది చదువు. చిన్నప్పటినుంచీ ఆయన ముందు అక్షరాలు కుదురుగా నిలబడవు. రెండో అక్షరాన్ని పట్టుకునేలోగా మొదటిది జారుకుంటుంది. బళ్ళో మాస్టారు మొద్దు అని పేరు పెట్టి బెంచీ ఎక్కించాడు. ఆ బెంచీ దిగి ఇంటికొచ్చిన కుర్రాడు మళ్ళీ బడి మొహం చూడలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయనకో కళ్ళజోడు పుట్టింది. ఇంట్లో ఏదైనా చదవాల్సి వస్తే అది షాపులో ఉంటుంది. షాపులో చదవాల్సి వస్తే ఇంట్లో ఉంటుంది. నిజానికి అది ఎక్కడా లేదు.

అమ్మాయి హైస్కూలు దాకా చదివిందని పెళ్ళికి ముందే మామగారు గొప్పగా చెప్పాడు. అంత చదివిన మనిషీ ఏ కాగితం వచ్చినా జాగ్రత్తగా దాచి, "ఇంటి పెద్ద మీరుండగా నేను చదవడమేంటండీ" అని ఆయన చేతిలోనే పెడుతుంది. ఆ గౌరవం చూసినప్పుడల్లా ఆయన గుండెల్లో రాయి పడుతుంది.

చివరికి కొంప ముంచింది బట్టలుతికే మిషను. పొద్దున్నే వచ్చిన మిషను సాయంత్రం దాకా అట్టపెట్టెలోనే ఉంది. ఆయన రాగానే ఆవిడ దాంతోపాటు వచ్చిన పుస్తకం అందించింది. ఆయన పేజీలు తిప్పుతూ రెండు మూడుసార్లు "ఊఁ" అని, ఒకచోట "బొమ్మ తప్పుగా వేశాడు" అని కూడా అని, మిషను బిగించేశాడు. దారిలో కదలకుండా వెనక బిగించిన బోల్టులు ముందుగా తీసెయ్యాలని ఆ పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. మిషను ఒకసారి ఒళ్ళు విరుచుకుని, స్నానాల గదిలోంచి గడగడలాడుతూ నడిచొచ్చి, చుట్టంలా హాల్లో సోఫా పక్కన ఆగింది.

"మీ చూపు పూర్తిగా పోయిందండీ" అని ఆవిడ కళ్ళొత్తుకుంది. "మీ కళ్ళే పోతే ఇంట్లో చదివేదెవరు? రేపే డాక్టరు దగ్గరికి పదండి."

తీరా వచ్చాక నర్సు ఇద్దరి పేర్లూ రాసుకుంది. నాకెందుకమ్మా, సూదిలో దారం ఒక్క పోటుకే ఎక్కిస్తానని ఆవిడ ఎంత చెప్పినా, ఎలాగూ వచ్చారుగా అని నర్సు వదల్లేదు.

మెకానిక్కు వంతు వచ్చింది. కుర్చీలో కూర్చున్నాడే గానీ గుండె దడదడలో ఇంకేం వినిపించడం లేదు. ఎదురుగా బోర్డు చూడండని డాక్టరమ్మ అన్నదే తడవు, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశాడు.

డాక్టరమ్మ స్విచ్చి మీద వేలుంచి అలాగే నిలబడిపోయింది. తర్వాత ఆయన దగ్గరికి వంగి, బయటికి వినపడకుండా అడిగింది.

"బాగుంది. ఇప్పుడు లైటు వెయ్యమంటారా?"

మెకానిక్కుకి చెవులు కూడా ఎర్రబడ్డాయి. ఇక దాచలేకపోయాడు. బెంచీ, మొద్దు, లేని కళ్ళజోడు, నడిచొచ్చిన మిషను, అన్నీ గుసగుసగా చెప్పేశాడు. మిషను దగ్గర మాత్రం డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"ఇది కళ్ళలో లోపం కాదు, తెలివితక్కువతనమూ కాదు" అంది. "డిస్లెక్సియా అంటారు. అక్షరానికీ దాని చప్పుడుకీ ముడి పడటంలో వచ్చే చిక్కు. మీకు నేర్పిన పద్ధతి మీకు సరిపడలేదు. పెద్దవాళ్ళకి వేరే పద్ధతిలో నేర్పేవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గరికి పంపిస్తాను. ముందు ఇంట్లో చెప్పండి."

"అదొక్కటే నావల్ల కాదమ్మా. ఆవిడ చదువుకున్న మనిషి. మొద్దుని కట్టుకున్నానా అనుకుంటుంది."

"ఇన్నాళ్ళూ దాచడానికి పడ్డ అవస్థ కంటే చెప్పడం తేలికేనండీ."

తనకున్న దానికి మొద్దు కాక మరో పేరుందని తెలిసి ఆయనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ఊపులోనే బయటికొచ్చి, "నీకో మాట చెప్పాలి" అన్నాడు.

"ఇంటికెళ్ళాక చెబుదురుగాని. బోర్డంతా ఎంత బాగా చదివారండీ, విన్నాను" అందావిడ. సంతోషంతో మొహం వెలిగిపోతోంది. అది చూసి ఆయన సరేనని తలూపాడు. ఇంతలో నర్సు పిలిచింది. ఆవిడ చేతిసంచి ఆయన ఒళ్ళో పెట్టి, మళ్ళీ పెదవులు కదుపుకుంటూ లోపలికి వెళ్ళింది.

మెకానిక్కు బల్ల మీద కూర్చుని ఈసారి నిజాన్ని కంఠతా పట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ బయటికి రాగానే చెప్పెయ్యాలి. ఇంటిదాకా కూడా ఆగకూడదు, ఆగితే మళ్ళీ ఆ కళ్ళజోడు ఎక్కడినుంచో ఊడిపడుతుంది. నవ్వితే నవ్వనీ.

లోపల కుర్చీ జరిగింది. ఆ వెంటనే భార్య గొంతు ఖంగుమంది. "ట, గ, మ, ల, వ…" ఎక్కడా తడుముకోకుండా, వరుస వెంట వరుస. చదువంటే అదీ అని ఆయన మురిసిపోయాడు. అంతలోనే ఏదో తేడాగా అనిపించి చెవులు రిక్కించాడు.

స్విచ్చి ఇంకా టక్కుమనలేదు.