ఎనిమిదో మనిషి

"రేపటి రిలే పరుగుకి ఎనిమిదో మనిషి దొరక్కపోతే మన టీమ్ క్యాన్సిల్ అంకుల్," అన్నాడు అనంత్, బల్ల మీద పరుగు దారి మ్యాపు పరుస్తూ. "ఆ మనిషి వంతు ఆరు కిలోమీటర్లు మిగిలిపోయాయి."

"నాకిచ్చిన రెండింటికే ఆయాసం వస్తోందయ్యా," అన్నాడు రాజగోపాల్.

కాఫీలు తెచ్చిన ఆయన భార్య కనకదుర్గ అడిగింది. "నేను రానా?"

"నువ్వు పులిహోర తీసుకురా, చాలు."

"స్కార్‌బరో గుడి హాలు చుట్టూ ప్రతి శనివారం నూట ఎనిమిది ప్రదక్షిణాలు చేస్తానుగా. అదెంత ఉంటుంది బాబూ?"

అనంత్ ఫోన్లో లెక్కవేశాడు. "చుట్టుకి అరవై మీటర్లనుకున్నా ఆరున్నర కిలోమీటర్లు ఆంటీ! ఎంతసేపు పడుతుంది?"

"గంటన్నర. ఎవరైనా పలకరిస్తే ఇంకో పది నిమిషాలు."

రాజగోపాల్ కప్పు కింద పెట్టాడు. ప్రతి వారం ఆ గంటన్నరా ఆయన పార్కింగ్‌లో, కారులో కునుకు తీస్తాడు.

"నడిచినా పర్లేదు ఆంటీ. పేరు రాసేయనా?"

"ఒక్క సందేహం. మళ్ళీ మొదలైన చోటికే వస్తామా?"

"లేదాంటీ. ముందుకే."

కనకదుర్గ మ్యాపు మీది గీత వెంట చివరిదాకా వేలు నడిపింది.

"రాసుకో. ఇన్నేళ్లూ నేను అక్కడక్కడే తిరగడం చూసి స్వామికీ విసుగొచ్చి ఉంటుంది."