మూడోసారి అడిగిన ప్రశ్న

రోగులకు సేవ చేస్తూ స్పానిష్ నేర్చుకుందామని నార్వే నుంచి గ్వాటెమాలా కొండల్లోని మా క్లినిక్‌కి వచ్చిన మారెన్, మేమంతా గౌరవంగా 'దోన్యా' అని పిలిచే ముసలి ఉర్సులా ఒక్కామె దగ్గరే అరగంట గడిపింది. బయట ఇంకా నలభై మంది ఉన్నారు.

"నొప్పి ఎక్కడ?" నోటుపుస్తకం చూసుకుంటూ మూడోసారి అడిగింది.

ఇక్కడ ఇరవయ్యేళ్లుగా నర్సుని, నాకు ఒళ్లు మండింది. "కట్టెలు మోసి మోసి భుజం నొప్పి! మూడు నెలలుగా మాత్రలిస్తున్నాను. ఇటు రండి దోన్యా, రెండు నిమిషాల్లో పంపించేస్తా."

"నువ్వుండు తల్లీ," అంది ముసలమ్మ. "నేను నోరు తెరిచేలోపే నీకన్నీ తెలిసిపోతాయి. పాపం, ఈ పిల్లకి మొత్తం చెప్పాలి."

అప్పటికీ అర్థంకాక, ఎక్కడో చూపించమన్నట్టు మారెన్ చెయ్యి చాపింది. ఉర్సులా ఆ చేతిని పట్టుకుని, రవికె లోపల, చంక కింద నిమ్మకాయంత గడ్డ మీద పెట్టుకుంది.