బండికి తగ్గ వరుడు

“చేతులతో ఎత్తకు బాబూ. కాలితో తొక్కు,” అన్నాడు పెద్దాయన.

పెళ్లికొడుకు తొక్కాడు. బండి కదల్లేదు. అతనే బెత్తెడు పైకి లేచి, మళ్లీ కిందికి దిగాడు.

అది మామూలు మోటార్ సైకిల్ కాదు. ఇద్దరు మనుషుల్నీ, వాళ్ల సామాన్నీ, దారిలో కొన్న సామాన్నీ మోసుకుంటూ వారాల తరబడి తిరిగే రకం. షెడ్డులో సగం అదే ఆక్రమించింది. పక్క స్టాండు మీద ఒరిగి, తిని పడుకున్న దున్నపోతులా ఉంది. దాన్ని సెంటర్ స్టాండ్ మీదికి ఎక్కించాలి. ఒక్కడే ఎక్కించాలి.

అతను వచ్చింది సంబంధం మాట్లాడుకోవడానికి. కళ్లద్దాల షాపు అతనిది. వయసు ముప్పై ఎనిమిది. ఇంతకుముందు వచ్చిన సంబంధాల్లో ఒకరికి షాపు చిన్నదనిపించింది, ఇంకొకరికి నుదురు పెద్దదనిపించింది. మూడోవాళ్లు కారణం కూడా చెప్పలేదు. పొద్దున్నే అక్క ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది. “ఇది కూడా చెడగొట్టుకున్నావంటే ఇక నా వల్ల కాదురా. నీ షాపులోంచే మంచి అద్దాలు చూసి పెట్టుకుని నువ్వే వెతుక్కో.”

నిజానికి అక్కకు ఈ సంబంధం మీద గురి కుదిరింది. వీళ్లు సంపాదన అడగలేదు. సొంతిల్లు ఉందా అనలేదు. జుట్టు ఊసే ఎత్తలేదు. ఫోన్లో అడిగింది ఒక్కటే, అబ్బాయికి బరువులెత్తే అలవాటుందా అని. ఉందని అక్క తడుముకోకుండా చెప్పేసింది.

వచ్చీ రాగానే పెద్దావిడ మంచినీళ్లు ఇచ్చింది. అతని మొహం కన్నా భుజాలనే ఎక్కువసేపు చూసింది. అమ్మాయి తయారవుతోందని చెప్పింది. పెద్దాయన మాత్రం అతన్ని కుర్చీలో కూడా కుదురుకోనివ్వకుండా నేరుగా షెడ్డుకి తీసుకొచ్చాడు. ఈ ఇంటి అల్లుడు కావాలంటే ముందు ఈ బండి దగ్గర నెగ్గాలట. అది వాళ్ల పద్ధతట.

రెండోసారి బండి కదిలింది. కాకపోతే అవతలి వైపుకి. పెళ్లికొడుకు రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని వేలాడాడు. పెద్దాయన సీటు పట్టుకున్నాడు. బండి కాసేపు ఆలోచించి యథాస్థానానికి వచ్చింది. పెద్దాయన నడుం మీద చెయ్యి వేసుకుని గోడకు జారగిలబడ్డాడు.

“ఇన్నాళ్లూ దీన్ని ఎవరు ఎక్కించేవారు అంకుల్?”

“నేనే. ఆపరేషనయ్యాక నడుం ఒప్పుకోవట్లేదు.”

“పక్కింట్లో ఎవరినైనా ఓ చెయ్యి వెయ్యమంటే...”

“పుట్టి బుద్ధెరిగాక ఒకరిని సాయం అడిగి ఎరగను,” అన్నాడు పెద్దాయన. ఆ దవడ బిగింపు చూస్తే నమ్మక తప్పలేదు.

పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది. “అమ్మాయి పైనుంచి చూస్తోంది బాబూ. కంగారు పడకు.”

పెళ్లికొడుకు మేడ మీది కిటికీ వైపు చూశాడు. కర్టెన్ కదిలింది. లోపల ఫ్యాను తిరుగుతున్నట్టుంది. అయినా సరే, ఉన్న నాలుగు వెంట్రుకలూ సర్దుకున్నాడు.

మూడోసారి పెద్దాయన పక్కన నిలబడి ఒక్కొక్కటే చెప్పాడు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద. కుడి చెయ్యి సీటు కింది కమ్మీ మీద. కుడికాలు స్టాండుకి పొడుచుకొచ్చిన ఇనుప ముక్క మీద. ముందు బండిని నిటారుగా నిలబెట్టి, స్టాండు రెండు కాళ్లూ నేలకు ఆనాయో లేదో చూసుకోవాలి. తర్వాత లాగకూడదు, గుంజకూడదు. మెట్టెక్కినట్టు ఎక్కాలి, అంతే.

పెళ్లికొడుకు అక్కను తలుచుకుని మెట్టెక్కాడు.

బండి దానంతట అదే లేచి, వెనక్కి జరిగి, ధన్‌మని కూర్చుంది. వెనక చక్రం గాల్లో ఉంది. పెద్దాయన కళ్లు చెమర్చాయి. పెళ్లికొడుకు కిటికీ వైపు చూశాడు.

ఎలాగూ ఎక్కింది కదా, ఆ చేత్తోనే చెయిన్ కూడా శుభ్రం చేసేస్తే బాగుంటుందని పెద్దాయన అభిప్రాయపడ్డాడు. పెద్దావిడ పైకి వెళ్లి వచ్చి, బండిని శ్రద్ధగా చూసుకునేవాళ్లంటే అమ్మాయికి ప్రాణమని చెప్పింది. పెళ్లికొడుకు కొత్త చొక్కా చేతులు మడిచాడు. కిరసనాయిల్‌తో మురికి కడిగాడు. చక్రం తిప్పుకుంటూ ఒక్కో లింకుకీ నూనె వేశాడు. కళ్లద్దాలకు మరలు బిగించే చెయ్యి, పని నీటుగా వచ్చింది. వేళ్లూ మోచేతులూ నల్లగా అయ్యాక, ఒక్కసారి అమ్మాయిని చూడొచ్చా అని అడిగాడు.

పెద్దావిడ పైకి వెళ్లింది. చాలాసేపటికి దిగింది.

“సిగ్గుపడుతోంది బాబూ. మేమే ఫోన్ చేస్తాంలే.”

అతనికి కోపం రాలేదు. ఇన్నేళ్లలో మొహం మీద కాదనకుండా పంపింది వీళ్లే. పెద్దాయన భుజం కూడా తట్టాడు. గేటు దాటగానే అక్కకు ఫోన్ చేసి, ఈసారి ఖాయమన్నాడు. ఆమె ఏడ్చినంత పని చేసింది.

అతను వీధి మలుపు తిరిగేదాకా దంపతులిద్దరూ గేటు దగ్గరే నిలబడి, తర్వాత షెడ్డులోకి వచ్చారు. పెద్దాయన వెనక చక్రాన్ని వేలితో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. అది ఆగేదాకా ఇద్దరూ చూశారు.

“బంగారంలాంటి కుర్రాడండీ,” అంది పెద్దావిడ. “మనకే ఒక కూతురుండి ఉంటే, కళ్లు మూసుకుని ఇచ్చేసేవాళ్లం.”