శివరామకృష్ణయ్యకు పడనివి

శివరామకృష్ణయ్యకు రాయచూరు జిల్లా పడలేదు.

తుంగభద్ర కాలువ నీళ్లు చూసి, తెనాలి దగ్గర ఉన్నది అమ్ముకుని, మాన్వి తాలూకాలో పొలం కొని నాలుగేళ్లయింది. పంట బ్రహ్మాండంగా పండుతోంది. ఆయన ఒళ్లే బాగుండడం లేదు. తెల్లవారితే తుమ్ములు. రాత్రయితే కడుపుబ్బరం. ఇప్పుడు రెండు వారాలుగా తలనొప్పి, జ్వరం, ఎటు తిరిగినా దుర్వాసన. కారణం చెప్పడానికి ఆయనకు ఏ వైద్యుడూ అక్కర్లేదు. తుమ్ములు ఇక్కడి గాలి వల్ల, ఉబ్బరం ఇక్కడి జొన్నరొట్టె వల్ల, దుర్వాసన ఇక్కడి మనుషుల వల్ల.

"పొలం అమ్మేసి మనూరు పోదాం. కొంటానన్న హంపయ్య రేపు సాయంత్రం బయానా తెస్తాడు," అని భార్యతో తేల్చేశాడు.

హనుమాయమ్మకు పొలం వదలడం ఇష్టం లేదు. తుమ్మచెట్లు కొట్టించి, రాళ్లు ఏరి, ఆ నేలను మాగాణి చేసిన చేతుల్లో రెండు ఆవిడవే. తెనాలి వెళ్తే మిగిలేది మరిది పంచన బతుకు.

"ముందు మాన్వి ఆస్పత్రిలో చూపించుకోండి."

"అక్కడ వరసలో నిలబడాలా నేను? చూస్తే సర్కారు డాక్టరే చూడాలి. అదీ మనింటికొచ్చి."

సర్కారు డాక్టరు ఇంటికి రావడం ఎక్కడైనా ఉందా అని వలస రైతుల క్యాంపంతా నవ్వుకుంది. మర్నాడు పొద్దున్నే వెంకోబరావు సైకిలు వాకిట్లో ఆగింది.

"సర్కారు డాక్టరండీ. రాయచూరాయన. కబురు పెడితే వచ్చారు," అంది హనుమాయమ్మ.

వాకిట్లోనే మంచంలో మూలుగుతున్న మనిషిని చూసి వెంకోబరావు ఉన్నచోటే ఆగిపోయాడు.

"నేను చూడొచ్చా అమ్మా?"

"చూడండి బాబూ, ఏం ఫర్వాలేదు."

పెద్దరైతును ముట్టుకోవడానికి జంకుతున్నాడని శివరామకృష్ణయ్య ముచ్చటపడ్డాడు.

డాక్టరు నాడి చూడలేదు. నాలుక చాపమనలేదు. నేరుగా పెదవి పైకెత్తి పళ్లు చూశాడు. పై దవడ మీద వేలితో తట్టాడు. శివరామకృష్ణయ్య కెవ్వుమన్నాడు. డాక్టరు "శాంతం, శాంతం" అంటూ ఆయన మెడ నిమిరి, హనుమాయమ్మ వైపు తిరిగాడు.

"మేత ఏంది?"

రాయచూరు తెలుగులో తిండిని మేత అంటారు కాబోలని రోగి సరిపెట్టుకున్నాడు. ఆయన్ని వదిలేసి పక్కవాళ్లను అడగడం కూడా ఇక్కడి మర్యాదే అయ్యుండాలి.

"రాత్రిళ్లు జొన్నరొట్టె తిని, చెంబెడు గేదె పాలు తాగుతారండీ. రొట్టె పడట్లేదంటారు."

"పొద్దుగాల రొట్టె తింటే?"

"మజ్జిగతో తింటారు. అప్పుడేం కాదు."

"అట్లయితే తప్పు రొట్టెది గాదు. పాలు అరుగుతలేవు. గిది అలర్జీ గాదమ్మా. అలర్జీ అయితే కొంచెం తాగినా దద్దుర్లొస్తయి, పెదాలు వాస్తయి. గిది ఉత్త అరగకపోవుడు. గుక్కెడు తాగితే ఏం గాదు, చెంబెడు తాగితే ఉబ్బుతది."

"మరి తుమ్ములు?"

"కండ్లు దురద పెడ్తయా? ముక్కు నీళ్లోలె కారుతదా, జ్వరం లేకుండ?"

"అవునండీ. ఏటా కుప్పలు నూర్చినప్పుడు మొదలు."

డాక్టరు మంచాన్ని ఆనుకుని ఉన్న వరిగడ్డి వామిని చూశాడు. "అలర్జీ అంటే గిది. ఆ దుమ్ము పడ్తలేదు. మంచం అవుతల వెయ్యుండ్రి."

"ఇప్పుడొచ్చిన ఈ తలనొప్పి, జ్వరం ఏంటి మరి?" శివరామకృష్ణయ్య ఉండబట్టలేక అడిగాడు.

రోగి నోరు విప్పగానే డాక్టరు ఉలిక్కిపడ్డాడు. తర్వాత తేరుకుని, "తల వంచు. బరువైతదా? ఒక్క దిక్కే నొస్తదా? చీమిడి పచ్చగ, చిక్కగ వస్తదా?" అన్నాడు.

శివరామకృష్ణయ్య అన్నిటికీ తల ఊపాడు.

"సైనస్‌ల చీము పట్టింది. బుగ్గ ఎముక లోపల బోలుగ ఉంటది. అలర్జీతోని వాచి దారి మూసుకుంది, లోపల కుళ్లింది. వాసన మంది నుంచి వస్తలేదు, నీ ముక్కుల నుంచే వస్తుంది."

గాలి, రొట్టె, మనుషులు అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. గేదె తెనాలిది. గడ్డి ఆయన సొంత వరిది. ముక్కు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

"అయితే ఆ సూదేదో పొడిచెయ్యండి."

వెంకోబరావు తెరిచిన సంచీని గబుక్కున మూసేశాడు. "నా సూది నువ్వు ఓర్వలేవు. ఇయ్యాలనే మాన్వి ఆస్పత్రికి పో. ఆలస్యం చేస్తే కంటికి పాకుతది."

అంతటి డాక్టరు పొమ్మన్నాక వరసలో నిలబడటం నామోషీ అనిపించలేదు. శివరామకృష్ణయ్య బండెక్కాడు.

"తెనాలి మొత్తం గాలించినా ఇలాంటి డాక్టరు దొరకడే. ఒక్కడైనా నా పళ్లు చూశాడా? పొలం అమ్మట్లేదని హంపయ్యకు కబురు పెట్టు," అన్నాడు భార్యతో.

బండి కాలువ గట్టు మలుపు తిరిగాక హనుమాయమ్మ కళ్లు తుడుచుకుని, "ఇక మీరొచ్చిన పని చూడండి బాబూ, నిన్నట్నుంచీ మా గేదె గడ్డి ముట్టడం లేదు," అంటూ పశువుల డాక్టర్ని కొట్టంలోకి తీసుకెళ్లింది.