కెంపన్న ఇరుగుపొరుగు

ఒక గాజు తొట్టెలో కెంపన్న అనే బెట్టా చేప ఉండేవాడు. జీరాడే ఎర్రటి తోక వాడిది. పలకరించే దిక్కులేక రోజంతా ఒక మూల నీరసంగా పడి ఉండేవాడు. అది చూసి ఇంటావిడ ఒక గప్పీ చేపను తెచ్చి వదిలింది. దాని రంగురంగుల తోక చూడగానే కెంపన్నకు ఒళ్లు మండింది.

"నా ఇంట్లో నాకే పోటీయా?" అంటూ తరిమి తరిమి కొట్టాడు. ఆవిడ గప్పీని వేరే తొట్టెలోకి మార్చేసింది.

తర్వాత చారల బార్బ్ చేపల గుంపు వచ్చింది.

"భలే రిబ్బన్‌రా ఇది!" అంటూ అవి ఆటకి కెంపన్న తోక కొరికాయి. ఈసారి వాడే వెళ్లి నాచులో దాక్కున్నాడు. ఆవిడ వాటినీ తీసేసింది.

తోక మళ్లీ పెరిగాక, మట్టిరంగు కోరీ చేపలు మీసాలు ఆడించుకుంటూ తొట్టె అడుగుకు దిగాయి. కెంపన్న మొప్పలు విప్పి వాటి మీదికి ఉరికాడు.

"నేనెవరో తెలుసా? ఈ తొట్టెకు రాజుని!"

"అలాగే బాబూ," అంది పెద్ద కోరీ ఇసుక కెలుకుతూ. "కాస్త పక్కకు జరుగుతావా? మేత నీ కిందే పడింది."

"నేనంటే భయం లేదా?"

"నీతో మాకు తగువేముంది నాయనా? పైన నీళ్లు నీవి, కింద ఇసుక మాది."

కెంపన్న మొప్పలు ముడుచుకుని పక్కకు జరిగాడు. కోరీలు మేత తింటూ కబుర్లలో పడ్డాయి. కాసేపటికి వాడే మెల్లగా వాటి దగ్గరికి దిగాడు.

"ఏంటి, మీలో మీరే నవ్వుకుంటున్నారు? నాకూ చెప్పండి" అన్నాడు.